ఊయెల యెక్కిన సెల్‌ఫోను

పిన్న తరగతుల విద్యార్థులు బడిలో సెల్‌ఫోను వాడరాదని ఫ్రాన్సు దేశము 2018లో శాసనము చేసినది. ఫోను చదువునకు అడ్డగునను ఆ భయము నిర్హేతుకమని నేననజాలను. అయినను, జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రజ్ఞులు రూపొందించి 2016లో ఉచితముగా వెలువరించిన ఫైఫాక్స్ అను యాప్‌ను చూచినవారికి, ఆటలకును కబుర్లకును మాత్రమే పనికివచ్చునని మనము తలంచు ఆ పరికరమునందే త్వరణమును, ధ్వనిని, అయస్కాంతక్షేత్రమును కొలువగల సాధనములు దాగియున్నవని తెలియకపోదు.

ఆ యాప్‌ను తెరచిన ఫోనును చిన్న సంచిలో ఉంచి, దాని నడిమిభాగము కట్టినచోటికి మీటరు దిగువనుండునట్లు దారమున వ్రేలాడగట్టి మెల్లగా ఊపినచో, ఒక్కొక్క డోలనమునకు సుమారు 2 సెకన్లు పట్టుటను ఆ ఫోనే లెక్కించి చూపును. పొడవును నాలుగవవంతునకు కుదించినచో కాలము సగమగును. వల్లించి మరచిన లోలకసూత్రము కన్నులయెదుటనే ఊగును.

ఉపాధ్యాయునకు వలసినది యంత్రమహిమనుగూర్చిన ఉపన్యాసము కాదు. తోడివారితో గూడి ఈ ప్రయోగమును ముందుగా చేసి, తప్పి, మరల చేసికొనుటకు తగిన తీరిక. (మన బడులలో మిక్కిలి అరుదైన సామగ్రి అదియే!) ఫోను లేని పిల్లవాడు చిన్నబోకుండ నలుగురికొకటిగా జట్లు కట్టి, ఒకరు ఊపగా ఒకరు కొలువగా తక్కినవారు వ్రాయవలెను, పని ముగియగనే ఫోనులన్నియు బల్లపై బోర్లించవలెను.