గొడ్డుకు వేసే సూది – రాబందు ప్రాణం



బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే దారిలో, రామనగర దగ్గర పెద్ద పెద్ద బండరాళ్ల గుట్టలు మీలో చాలామంది చూసే ఉంటారు. 'షోలే' సినిమా తీసింది అక్కడే. వాటిలో రామదేవర బెట్ట అనే గుట్ట చరియల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుంటాయి. 2012లో కర్ణాటక ప్రభుత్వం ఆ చోటును రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది. అయినా అక్కడ మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

గుట్టను కాపాడితే పక్షి ఎందుకు నిలవలేదు? తిండి కోసం రాబందు ఎంతో దూరం తిరుగుతుంది. చివరికి అది దిగేది ఏదో ఊరి బయట పడేసిన గొడ్డు మీద. అంటే దాని ప్రాణం మనలాంటి పాడి రైతుల చేతిలో ఉందన్నమాట.

మా బడిలో పిల్లలను రాబందు బొమ్మ వేయమన్నాను. సగం మంది గద్దను వేశారు. వాళ్ల తాతలేమో గొడ్డు చస్తే పూటలో శుభ్రం చేసే పక్షుల గుంపుల గురించి చెబుతారు.

1990ల నుంచి ఈ పక్షులు నూటికి తొంభైకి పైగా అంతరించాయి. కారణం 2004లో తేలింది. గొడ్డుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూదిమందే అది. మందు వేసిన కొద్ది రోజుల్లో గొడ్డు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చనిపోతుంది. ఒక కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి. కనుక నూరు కళేబరాల్లో ఒక్కదానిలో ఈ మందు ఉన్నా జాతి అంతటికీ ముప్పే. పైగా ఆడపక్షి ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పోయినవాటి లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

పశువులకు డైక్లోఫెనాక్‌ను మన ప్రభుత్వం 2006లో ఆపించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. కానీ మనుషుల కోసం అమ్మే మందును గొడ్డుకు వేస్తే చట్టం ఏం చేయగలదు?

అందుకే ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. గొడ్డుకు జబ్బు చేస్తే అంగడిలో అడిగి మందు తేకండి, పశువైద్యుణ్ణి పిలవండి. "అయ్యా, రాబందుకు హాని లేని మెలాక్సికామ్ వేయండి" అని అడగండి. దానితోనూ నొప్పి, వాపు తగ్గుతాయి. మందులు వాడుతుండగా గొడ్డు చనిపోతే బయట పడేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. కుక్కల కోసమో చిరుతల కోసమో కళేబరానికి విషం పూయకండి.

రేపు పాలు పోయడానికి వెళ్లినప్పుడు పక్కనున్న రైతుకు ఈ సంగతి చెప్పండి. ఒక్క ఇల్లు మానితే చాలదు, ఊరంతా మానాలి. సెలవు.