ఇటలీభాషయు మన యువజనులును

మన తెలుఁగును పాశ్చాత్యులు ప్రాచ్యదేశపు ఇటాలియనని కొనియాడిరి. ఆ మాటను సభలలో నెన్నిమారులో వల్లించితిమి. ఇటాలియను చదివి వల్లించినవా రెందఱు? పదములు అచ్చులతో ముగియుటయే పోలికయని తృప్తినొందితిమి.

అంతకంటె లోతైన సామ్యము జనగామ ప్రాంతముననే యున్నది. కాకతీయుల కాలమున పాలకుర్తి సోమనాథుఁడు జానుతెనుఁగున, ద్విపదలో, బసవపురాణము రచించెను. ఇటలీలో డాంటే (1265-1321) లాటినును వీడి జనుల భాషలో మహాకావ్యము వ్రాసెను. నియమములు లేకయే దాదినోట విని శిశువు నేర్చు భాషయే శ్రేష్ఠమని యాతఁడు వాదించెను. ఆ వాదమును మాత్రము లాటినులోనే వ్రాసెను. పండితుల నొప్పింపవలెఁ గదా!

సోమనాథుని యూరిబిడ్డల గతి యేమయ్యెను? 1918లో స్థాపితమైన ఉస్మానియాలో ఆదిని బోధనాభాష ఉర్దూ. పిదప నా పీఠము నింగ్లీషు ఆక్రమించెను.

ఇటలీలోని పెరూజాలో విదేశీయులకై 1921లో పాఠము లారంభించిన విద్యాపీఠము కలదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి యువతీయువకులలో నొక్కరైనను అచటి కేఁగి, డాంటేను మూలమునఁ జదివి తెనిఁగింపవలయునని మా కోరిక. ఇంగ్లీషు తర్జుమాకు తర్జుమా మాకు వలదు. పోవువారు బసవపురాణమును వెంటఁ గొనిపోవుట మఱువరాదు. తెలుఁగనఁగా నేమని అచటివా రడుగక మానరు.