బళ్ళారి సరిహద్దు గ్రామములలో ప్రాథమిక వైద్యము - రోగి మాట

బళ్ళారి సీమ 1800లో నిజామునుండి ఈస్టిండియా కంపెనీకి దత్తమై, నూటయేబది యేండ్లకు పైగా మదరాసు రాజధానిలో నుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. తక్కిన తాలూకాలు మైసూరున చేరినవి. బళ్ళారి తాలూకా విషయమై మిశ్రా విచారణ జరిగిన పిమ్మట అదియు మైసూరునకే పోయెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ నడయాడిన పట్టణమగుటచే ఈ గీత నాటకశాలకును సాహిత్యమునకును ఏమి చేసినదో వ్రాసినవారు పలువురు కలరు. రాత్రివేళ రోగిని బండిలో పరుండబెట్టుకొని బయలుదేరిన కుటుంబమునకు అది యేమి చేసినదో వ్రాసినవారు అరుదు.

రోగి నడక పటములోని గీతను అనుసరింపదు. ఆలూరు వారికి కర్నూలుకంటెను, రాయదుర్గము వారికి అనంతపురముకంటెను బళ్ళారియే చేరువ. 1961లో బళ్ళారిలో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది మొదలు ఆ ప్రాంతముల రోగులు దాని ఆసుపత్రికే వచ్చుచున్నారు. 2021లో పశ్చిమ తాలూకాలు విజయనగర జిల్లాగా వేరుపడగా, నేటి బళ్ళారి జిల్లా బళ్ళారి, కురుగోడు, కంప్లి, సిరుగుప్ప, సండూరు తాలూకాలతో మరింత సరిహద్దు జిల్లా అయినది. ప్రభుత్వముల లెక్క మాత్రము వేరు. మైదాన ప్రదేశమున 30,000 జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, 5,000 జనమునకు ఒక ఉపకేంద్రము అను కొలత దేశమంతట నొక్కటే. కాని ఆ తలలను ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే లెక్కించుకొనును. గీత ప్రక్కనున్న పల్లెకు తన రాష్ట్రపు కేంద్రము దూరముగను, పొరుగు రాష్ట్రపు కేంద్రము కూతవేటు దూరమునను ఉండవచ్చును; లెక్కలో ఆ సామీప్యమునకు చోటు లేదు.

పల్లెలోనే వైద్యుడుండవలెనను తలంపు ఈ సీమకు క్రొత్తది కాదు. పానగల్లు రాజా మదరాసు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1924లో, గ్రామములలో కాపురముండి వైద్యము చేయువారికి ప్రభుత్వము సాలీనా సాయధనము నిచ్చు పద్ధతి ఆరంభమయ్యెను. బళ్ళారి అప్పుడా రాజధానిలోని జిల్లాయే. ఆ పద్ధతిలో కొరతలు లేకపోలేదు గాని, వైద్యుడు ఊరివాడగుట దాని సుగుణము. పిదప 1946లో భోర్ సంఘము 40,000 జనమునకు ఒక ఆరోగ్యకేంద్రము చొప్పున ఆరంభింపవలెనని చెప్పెను. 1952లో సమాజాభివృద్ధి పథకముతో ఆ కేంద్రములు వెలయ నారంభించెను. నాటినుండి భవనములు పెరిగినవి. వైద్యుడు మాత్రము బదిలీలపై వచ్చిపోవు ఉద్యోగి యయ్యెను.

ముందుగా నిర్ణయించుకొనక, నేరుగా వచ్చి చీటీ వ్రాయించుకొని చూపించుకొనుటయే మన పల్లెలవారు ఎరిగిన వైద్యము. పగటివేళ ఇది ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో సాగుచునే యున్నది. చిక్కు ప్రొద్దు గ్రుంకిన తరువాత. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషను వచ్చిన పిమ్మట కొన్ని కేంద్రములను రేయింబవళ్ళు నడుచునట్లు ఏర్పరచి, వంతులవారీగా నర్సులను నియమించిరి. తక్కిన కేంద్రముల పరిధిలోని వారికి రాత్రి తాలూకా ఆసుపత్రియో, 108 బండియో దిక్కు. ఆ బండి ఆంధ్రమున 2005 ఆగస్టు 15న, కర్ణాటకమున 2008 నవంబరు 1న ఆరంభమైనది. సంఖ్య యొక్కటే; నడుపు ప్రభుత్వములు రెండు.

ఇంతవరకు చెప్పినది దూరమును గూర్చి. కేంద్రము చేరిన తరువాత రోగి నోరు తెరచి చెప్పు మాటను గూర్చి ఎవరును అంతగా ఆలోచించినట్లు లేదు. బళ్ళారి పల్లెలలో రెండు భాషలును వచ్చినవారే యెక్కువ. సంతకు పోవు మగవారికి కన్నడము నీళ్ళప్రాయము. కాని వృద్ధస్త్రీలలోను, ఆంధ్రపు వైపునుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రలోను తెలుగు తప్ప ఎరుగనివారు కలరు. పైగా నొప్పిలో ఉన్నవానికి నోట వచ్చునది తల్లిభాషయే.

తెలియని మాట వలన హాని తక్కువ; అడిగి తెలిసికొందురు. తెలిసినట్లే యుండి వేరర్థమిచ్చు మాటయే ప్రమాదకరము. "ఆయాసముగా నున్నది" అని తెలుగు స్త్రీ చెప్పిన, ఊపిరి ఆడుటలేదని భావము. అది ఉబ్బసము కావచ్చును, గుండెజబ్బు కావచ్చును. కన్నడమున "ఆయాస" అనగా అలసట. సంస్కృతమున నున్న శ్రమ యను అర్థమునే కన్నడము నిలుపుకొనగా, తెలుగు వాడుక దానిని శ్వాసకు త్రిప్పినది. కన్నడ మొక్కటే ఎరిగిన వైద్యుడు ఆ మాట విని, పొలము పనిచేసి అలసినదని తలచి బలమునకు మాత్రలిచ్చి పంపిన, తప్పు ఎవరిదని చెప్పగలము? అట్లే "నీరసము" తెలుగున దేహబలము తగ్గుట. కన్నడ "నీరస" యనగా రసహీనము, చప్పనిది. ఊపిరాడని స్థితిని కన్నడమున "ఉసిరాటద తొందరె" యందురు. "తొందరె" యనగా ఇబ్బంది. నేటి తెలుగున "తొందర" త్వరపాటు. నర్సు "ఏను తొందరె?" అని యడుగగా, తన కేమియు తొందర లేదని బదులిచ్చు ముసలమ్మ నవ్వు పుట్టించవచ్చును గాని, ఆ నవ్వు వెనుక నొక వ్యాధి దాగియుండవచ్చును.

పాముకాటు విషయము చూడుడు. తుంగభద్ర కాలువక్రింది సిరుగుప్ప, కంప్లి వరిమళ్ళలో ఇది నిత్యభయము. కర్ణాటక ప్రభుత్వము 2024లో పాముకాటును తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమునకును ఒక్కటే విరుగుడు మందు గనుక, పాము పేరు ఏ భాషలో చెప్పినను చిక్కు లేదు. రక్తపింజరి కాటైనచో రక్తమును గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్పక యుంచి, గడ్డకట్టినదో లేదో చూతురు. అక్కడ మాటతో పని లేదు. కట్లపాము కథ వేరు. అది రాత్రి నేలపై నిద్రించువారిని కరచును. నొప్పి యుండదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి యనియు, గొంతు పట్టినదనియు లేచెదరు. తరువాత కనురెప్పలు వాలును. ఎక్కడ పరుండినారు, ఎప్పుడు మొదలైనది, మ్రింగుడు పడుచున్నదా యని అడిగి తెలిసికొన్నగాని ఆ కడుపునొప్పి విషమని తోచదు. ఇచ్చట ప్రశ్నయు, జవాబును సగము వైద్యము.

కర్ణాటకమున 2012 నాటి చట్టము వైద్యవిద్య ముగించినవారు ఒక సంవత్సరము ప్రభుత్వసేవ చేయవలెనని విధించినది. మంగళూరునుండియో, మైసూరునుండియో యువవైద్యుడు వచ్చును. పల్లెవారి మాట వంటబట్టునప్పటికి ఏడాది ముగిసి వెడలిపోవును. మరల క్రొత్తవాడు మొదటినుండి నేర్వవలెను. ఈ నడుమ దుబాసి పని చేయునది ఆశా కార్యకర్త. వేయిమందికి ఒకతె చొప్పున ఊరిలోనే యుండి, ఇరుభాషలు పలుకు ఆమెకు ఈ పని నెవరును అప్పగింపలేదు, దీనికై యేమియు నీయరు. ఆమె వెంట రాని రాత్రి రోగి మూగయగును.

జిల్లాలోగాని అంతకు లోబడిన ప్రాంతములోగాని నూటికి 15 మందికి తక్కువగాక మాటలాడు భాషలో ముఖ్య ప్రకటనలను ప్రచురింపవలెనని భాషాల్పసంఖ్యాకుల రక్షణలలో నున్నది. గోడమీది టీకాల పట్టికకు వర్తించు ఈ న్యాయము చీటీ వ్రాయు బల్లకు ఏల వర్తింపరాదు? దీనికి భవనము అక్కరలేదు. ఊపిరి, రొమ్మునొప్పి, మూర్ఛ, కాటు, కాన్పు మున్నగువానిని గూర్చి యడుగవలసిన ఇరువది ప్రశ్నలను రెండు లిపులలో ఎదురెదురుగా అచ్చువేసిన ఒక అట్టముక్క చాలును. తెలుగు ప్రశ్నను కన్నడ లిపిలోను వ్రాసినచో క్రొత్త నర్సు కూడ చదివి అడుగగలదు. గీతకు ఆవలి వైపున, కన్నడము మాటలాడు కుటుంబములున్న రాయదుర్గము, ఆలూరు పల్లెల కేంద్రములలో ఆ అట్టనే త్రిప్పి వాడుకొనవచ్చును. దానిలో మొదటి వరుసన ఉండవలసిన మాట "ఆయాసము".