కోత ఒక్కరోజు, పథ్యం కలకాలం

చుట్టూ సముద్రం, కంచంలో చేప. అయినా అండమాన్ నికోబార్ దీవుల్లో నడుములు సన్నబడటం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి పురుషుల్లో 45 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 23 శాతమే. 2011 జనాభా లెక్కల నాటికే తెలుగు మాట్లాడేవారు సుమారు 50,000 మంది ఉన్న దీవులివి. అంటే ఇది మనవాళ్ల గొడవ కూడా.

కొవ్వు నడుము దగ్గరే ఆగదు. పొట్టలో ఒత్తిడి పెరిగి ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది. కాలేయానికి కొవ్వు పడుతుంది, పిత్తాశయంలో రాళ్లు చేరతాయి. 'గ్యాస్' అనుకుని మందుల షాపు మాత్రతో సరిపెట్టుకునే బాధల్లో కొన్ని ఇవే.

మితిమీరిన బరువుకు శస్త్రచికిత్స గట్టి మందే. మధుమేహం కూడా చాలామందిలో అదుపులోకి వస్తుంది. కానీ అది జీర్ణవ్యవస్థ పనితీరునే మార్చేస్తుంది. 'స్లీవ్' పద్ధతిలో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలీ తగ్గుతుంది. కొందరికి మాత్రం ఛాతీలో మంట కొత్తగా మొదలవుతుంది. 'బైపాస్'లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది. ఇనుము, కాల్షియం బాగా ఒంటబట్టేది అక్కడే. తీపి తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకోవచ్చు.

బి12 లోటు మరీ మాయదారిది. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్లు నెట్టుకొస్తాయి. రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు ఆ తర్వాతే బయటపడతాయి. అందుకే విటమిన్లు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు.

చెన్నైలోనో విశాఖలోనో ఆపరేషన్ చేయించుకుని దీవికి తిరిగొచ్చే వ్యక్తికి అసలు చిక్కు ఇక్కడే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు, చెన్నైకి మధ్య దాదాపు 1,360 కిలోమీటర్ల సముద్రం. దీవుల పెద్దాసుపత్రి జి.బి.పంత్ ఉన్నది పోర్ట్‌బ్లెయిర్‌లోనే. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి అక్కడికి రావాలన్నా 500 కిలోమీటర్లు దాటాలి. బి12 పరీక్షకు మరో నెల ఆగినా పర్వాలేదేమో. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలల్లో ఆగని వాంతులతో థయమిన్ అడుగంటితే నాడులు, మెదడు దెబ్బతింటాయి. అది రోజుల్లో తేలే వ్యవహారం, ఓడ కోసం ఆగదు. ఆపరేషన్ ఖర్చు అడిగే ముందు సర్జన్‌ను అడగాల్సింది, ఆ రాత్రి దీవిలో ఏ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని.