మందు ఒంట్లోంచి ఎప్పుడు పోతుంది?

మాత్రలు మానేశాక అవి ఒంట్లో ఇంకా ఎన్నాళ్ళుంటాయి? డిప్రెషన్‌కో, యాంగ్జైటీకో మందు వాడిన స్నేహితురాళ్ళు డాక్టర్ని అడగడానికి మొహమాటపడి, ఫోన్లో గొంతు తగ్గించి నన్నడిగే ప్రశ్న ఇది. నేను డాక్టర్ని కాను. బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదివాను. రెండో కాన్పు తర్వాత ఏడాదిన్నర సెర్ట్రలిన్ వాడి, ఇక్కడ ఆక్లాండ్‌లో మా జీపీ చెప్పినట్టు నెలల మీద తగ్గించుకుంటూ మానేశాను. అందుకే నన్నడుగుతారు.

లెక్క కష్టమేం కాదు. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. సెర్ట్రలిన్‌కి అది సుమారు 26 గంటలు. అంటే రోజు గడిచేసరికి సగం, మర్నాటికి అందులో సగం. ఇలా అయిదుసార్లు సగమయ్యాక మిగిలేది 3 శాతం. వారం తిరిగేసరికి మందు దాదాపు ఖాళీ. ఎస్సిటలోప్రామ్ కూడా ఇంచుమించు అంతే. వెన్లాఫాక్సిన్ మాత్రం తొందరమనిషి. దాని అర్ధాయువు 5 గంటలు, అది శరీరంలో మారి తయారయ్యే పదార్థానికి 11 గంటలు. రెండు మూడు రోజుల్లో వెళ్ళిపోతుంది. ఒక్క పూట మర్చిపోతేనే కొందరికి తల తిరిగేది అందుకే. ఫ్లూక్సెటిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, వారాల తరబడి ఉంటుంది. దాని తర్వాత కొన్ని రకాల మందులు మొదలుపెట్టాలంటే డాక్టర్లు అయిదు వారాలు ఆగమంటారు.

ఈ పనంతా చేసేది కాలేయం. అక్కడి ఎంజైములు మందుని విరిచి, నీళ్ళలో కరిగేలా మారిస్తే మూత్రపిండాలు బయటికి పంపిస్తాయి. ఈ ఎంజైములు అందరిలో ఒకే వేగంతో పనిచెయ్యవు. ఎస్సిటలోప్రామ్‌ని ఎక్కువగా విరిచేది సీవైపీ2సీ19 అనే ఎంజైము. అది పుట్టుకతోనే మందకొడిగా ఉండేవాళ్ళు యూరోపియన్లలో కంటే మన దక్షిణాసియా వాళ్ళలో ఎక్కువ. ఒకే డోసు పక్కింటి కివీ ఆవిడకి సరిపోయి మనకి ఎక్కువనిపించడానికి అదొక కారణం కావచ్చు.

ఇక మన ఇళ్ళలో మాట. “ఇంగ్లీషు మందు విషం, ఒళ్ళు శుభ్రం చేసుకో” అని ఆముదం, బార్లీ నీళ్ళు, తిప్పతీగ కషాయం చెప్పనివాళ్ళు లేరు. కడుపు కడిగితే పేగు ఖాళీ అవుతుంది కానీ, రక్తంలోనూ కొవ్వులోనూ ఉన్న మందు కదలదు. బార్లీ నీళ్ళతో నష్టం లేదు, తాగండి. తిప్పతీగ మాత్రం వద్దంటాను. దాని వాడకంతో కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ రోజుల్లో మన దేశం నుంచే వైద్య పత్రికల్లో వచ్చాయి. మందుని బయటికి పంపాల్సిన అవయవాన్నే ఇబ్బంది పెట్టడం ఎందుకు?

లిథియం సంగతి ఇంకా వేరు. దాన్ని కాలేయం ముట్టుకోదు, నేరుగా మూత్రపిండాలే పంపాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంని పట్టి ఉంచుతాయి, రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. లిథియం వాడేవాళ్ళు శివరాత్రికో ఏకాదశికో నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం చేసే ముందు డాక్టర్ని అడగాల్సిందే.

అసలు తికమక ఇక్కడుంది. మందు వారంలో పోతే బాధ కూడా వారంలో పోవాలిగా? చాలామందికి బాధ మొదలయ్యేదే అప్పుడు. తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, తూలడం, పీడకలలు, ఊరికే ఏడుపు. మందు మిగిలిపోయి ఇలా అవుతోందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి మందు లేకపోవడం వల్ల అవుతోంది. మా అమ్మమ్మ బెజవాడలో రైలు కట్ట పక్కన నలభై ఏళ్ళుంది. రైళ్ళ చప్పుడు ఆవిడకి వినపడేదే కాదు. పల్లెకి వెళ్తే ఆ నిశ్శబ్దానికే నిద్రపట్టేది కాదు. మెదడూ అంతే. నెలల తరబడి మందుకి తగ్గట్టు సర్దుకుని ఉంటుంది, తిరిగి సర్దుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. రక్తపరీక్షలో అది కనపడదు.

ఇదెంతమందికి వస్తుందన్నది తేలని వాదన. జాన్ రీడ్, క్లెయిర్ కార్ట్‌రైట్, కెర్రీ గిబ్సన్ 2014లో ప్రచురించిన సర్వేలో 1829 మంది న్యూజీలాండ్ వాసులు పాల్గొంటే, 55 శాతం మానినప్పుడు ఇబ్బందిపడ్డామన్నారు. అది ఆన్‌లైన్ సర్వే, బాధపడ్డవాళ్ళే ఎక్కువగా స్పందించి ఉండొచ్చు. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, మందు మానడం వల్లే అని చెప్పదగ్గ లక్షణాలు వచ్చేది సుమారు ఆరేడుగురిలో ఒకరికి. నాకు రెండో లెక్కే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరు మనమే అయితే శాతాలతో పనేముంది?

తగ్గించే పద్ధతిలో ఒక చిక్కుంది. సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మెదడులో అది పట్టుకోవాల్సిన చోట్లలో సుమారు 80 శాతాన్ని ఆక్రమిస్తుంది. 5 మిల్లీగ్రాములకి తగ్గించినా ఇంకా సగం పైనే ఉంటుంది. అంటే 20 నుంచి 5కి దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకి దూకడం పెద్ద గొయ్యి. మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో రాసింది ఇదే. చివర్లోనే మరీ నెమ్మదిగా దిగాలి. నాకు కూడా చివరి పాతిక మిల్లీగ్రాములకే ఎక్కువ కాలం పట్టింది. ఎవరికెంత అన్నది జీపీ, ఫార్మసిస్ట్ చెప్పాలి. స్లో రిలీజ్ మాత్రల్ని ఇంట్లో చిదిమి సగం చెయ్యకండి, రోజంతా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

మానిన కొద్దిరోజులకే, తలలో జిల్లుమనడం లాంటి కొత్త లక్షణాలతో వస్తే అది చాలావరకు మానడం వల్లే. వారాలో నెలలో బాగుండి, పాత దిగులు పాత ముఖంతో మెల్లగా వస్తే జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. ఫ్లూక్సెటిన్ వాడినవాళ్ళకి ఈ తేడా అంత తేలిగ్గా తెలియదు, దాని ప్రభావాలు ఆలస్యంగా వస్తాయి. తేదీలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే డాక్టరుకి ఎంతో ఉపయోగం.

మనవాళ్ళలో సగంమంది మానడం నిర్ణయించుకుని మానరు. ఇండియా వెళ్ళినప్పుడు మందులు అయిపోయి, అత్తగారికి తెలియకుండా కొనలేక ఆగిపోతాయి. బయల్దేరేముందే మూడు నెలలవి తీసుకోండి. అక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్ళకి ఇక్కడి హద్దు కూడా మూడు నెలలే, క్లోనజెపామ్ లాంటి వాటికి ఒక్క నెల. డాక్టరు చీటీ, అసలు ప్యాకింగ్ దగ్గరుంచుకోవాలి. మానే రోజుల్లో చచ్చిపోవాలనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 111కి ఫోన్ చెయ్యండి. ఊరికే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1737కి ఫోనో మెసేజో చెయ్యొచ్చు. డబ్బు పడదు, అర్ధరాత్రయినా పలుకుతారు.