కొంగ తెలుపు, బొగ్గు నలుపు... నా కెమెరా పాఠాలు

కెమెరా అంటే మన ఇళ్లలో పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ బయటికొచ్చే వస్తువు. అది కూడా చాలావరకు మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. మనం ఎదురుగా నిలబడి నవ్వాలి, అంతే! సెల్‌ఫోన్లు వచ్చాక ఆ తేడా కొంత తగ్గిందనుకోండి. అయినా "పిట్టల్నీ పూలనీ ఫోటోలు తీయడం నేర్చుకుంటాను" అని ఓ ఇల్లాలు అంటే "ఎందుకూ?" అన్న ప్రశ్నే ముందొస్తుంది. కొత్తగూడెంలో మా ఇంట్లోనూ వచ్చింది.

నాకు గురువు ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక పుస్తకం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికింది. అమెరికా ఫోటోగ్రాఫర్ జాన్ షా రాసిన 'ది నేచర్ ఫోటోగ్రాఫర్స్ కంప్లీట్ గైడ్ టు ప్రొఫెషనల్ ఫీల్డ్ టెక్నిక్స్'. 1984లో అచ్చయింది. అంటే ఫిల్మ్ రీళ్ల కాలం నాటిది. ఈ డిజిటల్ రోజుల్లో అదేం పనికొస్తుందని మా అమ్మాయి నవ్వింది. కెమెరాలు మారాయి గానీ వెలుతురు మారలేదు కదా! రీలుకు ముప్పై ఆరు ఫోటోలే వచ్చే రోజుల్లో రాసింది కాబట్టి, ముందు చూడు, ఆలోచించు, ఆ తర్వాతే నొక్కు అని నేర్పుతుంది. పక్కన డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం పనయ్యాక రోజుకు రెండు పేజీలు చదివాను.

బిందె నిండినట్టు

కొరుకుడు పడని మాట 'ఎక్స్‌పోజర్'. దాన్ని నేను కొళాయి దగ్గర అర్థం చేసుకున్నాను. కొళాయి కింద బిందె పెట్టామనుకోండి. బాగా తిప్పితే త్వరగా నిండుతుంది, సన్నగా తిప్పితే ఆలస్యంగా నిండుతుంది. ఎలాగైనా సరే, పొర్లిపోకూడదు, వెలితిగా ఉండకూడదు. కెమెరాలో కొళాయిని ఎంత తిప్పామన్నది అపర్చర్. ఎంతసేపు వదిలామన్నది షట్టర్ స్పీడ్. ఐ.ఎస్.ఓ. అంటే బిందె సైజు. ఆ అంకె పెంచితే బిందె చిన్నదవుతుంది, కొద్ది వెలుతురుకే నిండుతుంది. కానీ బొమ్మలో బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు కనిపిస్తుంది.

ఒక తిరకాసు ఉంది. అపర్చర్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 4 పెద్దది, ఎఫ్ 16 చిన్నది. ఎఫ్ 8 దగ్గర సెకనులో 250వ వంతు సరిపోయే వెలుతురులో, ఎఫ్ 4 దగ్గర 1000వ వంతు చాలు. ఎఫ్ 16 దగ్గరైతే 60వ వంతు కావాలి. మూడింటిలోనూ లోపలికి వచ్చే వెలుతురు ఒకటే, బొమ్మలు మాత్రం వేరు. ఎగిరే పిట్ట రెక్క స్పష్టంగా రావాలంటే మొదటి దారి - పెద్ద రంధ్రం, వేగమైన షట్టర్. పువ్వులో ముందు రేకు నుంచి వెనుక రేకు దాకా తేటగా రావాలంటే చివరిది. అప్పుడు చెయ్యి ఆగదు, ట్రైపాడ్ కావాలి.

కొంగా, బొగ్గూ ఒకటే రంగు!

నన్ను ఆశ్చర్యపరిచిన పాఠం ఇది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్‌కు తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగు అనుకునే లెక్క వేస్తుంది. అమెరికా వాళ్లకు ఇది మంచు దగ్గర పట్టుబడుతుంది. మనకు మంచెక్కడిది? కానీ సింగరేణి ఊళ్లో బొగ్గుకు కొదవా! ఫ్రేము నిండా బొగ్గు కుప్ప పెట్టి మీటర్ చెప్పినట్టే తీయండి. బొగ్గు బూడిదలా వస్తుంది. తెల్లకొంగను అలాగే దగ్గరగా తీయండి. అదీ మాసిన చీరలా వస్తుంది.

దీనికి మందు కెమెరా మీదే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్. తెల్లటి వాటికి ప్లస్ వైపు ఒకటి, ఒకటిన్నర జరపాలి. నల్లటి వాటికి అంతే మైనస్ వైపు. లేదా అదే ఎండలో ఉన్న పచ్చగడ్డి మీద కొలత తీసుకుని, దాన్నే కొంగకు వాడాలి. పచ్చగడ్డి ఇంచుమించు మధ్యరకం కిందికే వస్తుంది.

కొనేవి కొన్ని, కుట్టుకునేవి కొన్ని

చీటీ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కెమెరా, 70-300 లెన్స్ ఒకటి కొన్నాను. అంత పెద్ద లెన్స్‌ను 300 దగ్గర చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ కనీసం 300వ వంతైనా ఉండాలన్నది పాత సూత్రం. 500 అయితే నిశ్చింత. ట్రైపాడ్ లేని చోట పాత జీన్స్ గుడ్డతో సంచీ కుట్టి, అందులో బియ్యం పోసి, గోడ మీదో కిటికీ మీదో పెట్టి దానిపై లెన్స్ ఆనిస్తే చాలు, కదలదు. పువ్వు మీద నీడ పడితే తెల్లటి థర్మోకోల్ ముక్కను పక్కన పట్టుకోండి, వెలుతురు పరుచుకుంటుంది. సీతాకోకచిలుక తెరిచిన రెక్కలకు కెమెరా వీపు సమాంతరంగా ఉంటే రెండు రెక్కలూ తేటగా వస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

మద్రాసుకు చెందిన ప్రకృతి రచయిత ఎం.కృష్ణన్ (1912-1996) వేర్వేరు విడిభాగాలు కూర్చుకున్న కెమెరాతో నలుపు-తెలుపులో ఏనుగుల్ని తీశారు. కాబట్టి సామాను తక్కువని దిగులు పడక్కర్లేదు.

అత్తయ్యే నా అసిస్టెంట్

సూర్యోదయం తర్వాత గంట సేపు వెలుతురు ఏటవాలుగా, మెత్తగా ఉంటుంది. ఫోటోకు అదే మంచి సమయమని పుస్తకం. పాలు కాగాల్సింది, టిఫిన్ కావాల్సింది, క్యారేజీ కట్టాల్సింది కూడా అప్పుడే! మా వారిది మొదటి షిఫ్టయితే చెప్పనే అక్కర్లేదు. ఈ చిక్కుకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. చివరికి నేనే అడిగాను - "ఏమండీ, ఆదివారం పొద్దున్న రెండు గంటలు నావి. టిఫిన్ మీరు చూసుకోవాలి" అని. కాసేపు మాట్లాడలేదు. "ఉప్మా అయితే చేస్తా" అన్నారు. కెమెరా కొనడం కంటే ఆ రెండు గంటలు అడగడమే నాకు కష్టమైంది.

"పిట్టల కోసం పొద్దున్నే ఎక్కడికే అమ్మాయ్?" అన్న అత్తయ్య ఇప్పుడు నా అసిస్టెంట్! మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కూర్చుంటే మట్టిరంగుగా కనిపిస్తుంది, రెక్క విప్పితేనే ఆ నీలం. దాని వెంట పరుగెత్తకుండా, తిరిగి వచ్చి వాలే చోటు కనిపెట్టి కాచుకోవాలి. ఆ చోటు చెప్పింది అత్తయ్యే - వీధి చివర మూడో కరెంటు స్తంభం. దసరాకు పాలపిట్టను చూసే అలవాటు కొద్దీ ఆవిడ ఏళ్ల తరబడి దాన్ని గమనిస్తూనే ఉన్నారు. "ఎందుకూ?" అన్న ప్రశ్న మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా (1913-2012) తొలి రోజుల్లో తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. 2011లో ఆవిడ పద్మవిభూషణ్ అందుకున్నారు. కాబట్టి మీ ఫోటో కింద మీ పేరే రాసుకోండి.

కిన్నెరసానికి వెళ్తే

పాల్వంచ దాటితే కిన్నెరసాని. 1977లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. జలాశయం దగ్గర కొంగలు, నీటికాకులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూసిందంటే అడవికి నిప్పంటుకుందా అనిపిస్తుంది. అయితే కొన్ని జాగ్రత్తలు మరవొద్దు:

* అభయారణ్యం లోపల ఫోటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఒంటరిగా వెళ్లొద్దు.

* జలాశయంలో మొసళ్లున్నాయి. నీటి అంచుకు దిగొద్దు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు వాటి కోసం వస్తాయి. తెల్లవారుజామున చెట్ల కిందికి పోవద్దు.

* గూడు కనిపిస్తే అడ్డొచ్చిన కొమ్మ విరవొద్దు. ఆ ఆకులే పిల్లలకు ఎండ నుంచీ, గద్ద కంటి నుంచీ రక్షణ. తల్లి బెదిరితే వెంటనే వెనక్కి రండి.

* ఇప్పపూలు ఏరుకునే కోయ అక్కచెల్లెళ్లను అడగకుండా ఫోటో తీయొద్దు. వాళ్లూ మనలాంటి ఇల్లాళ్లే.

* లెన్స్‌ను చీర కొంగుతో తుడవొద్దు. మన ఊరి బొగ్గు ధూళి గాజును గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ వాడండి. వానాకాలం గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, బూజు పట్టదు.

ఇవన్నీ చదివి అడవికి బయల్దేరక్కర్లేదు. పెరట్లో మందార చెట్టుతోనే మొదలుపెట్టండి. ఒకే పువ్వును పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం తీసి మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది!