సెట్‌బ్యాక్ సడలింపు నాలుగంగుళాలే!
ఇంటి అనుమతుల్లో మినహాయింపు ఎవరికి, ఎంతవరకు?

స్లాబు పడింది. గోడలు లేచాయి. అప్పుడు మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. మంజూరైన ప్లానుకు, కట్టిన ఇంటికి పొంతన లేదన్నది దాని సారాంశం. జీవితకాలపు పొదుపును ఇటుకల్లో పోసిన యజమాని అప్పుడు అడిగే మొదటి మాట ‘ఏదైనా సడలింపు ఉందా సారూ?’ అనే. ఉంది. కానీ మనవారు అనుకున్నంత లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు జీవో ద్వారా భవన నిర్మాణ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత కూడా తెలంగాణ పట్టణాల్లో అనుమతులకు అవే ఆధారమయ్యాయి. వాటి ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారు రోడ్డు వెడల్పు 12 మీటర్ల లోపుంటే ముందువైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. స్థలం పెరిగేకొద్దీ, ఎత్తు పెరిగేకొద్దీ ఈ ఖాళీ పెరుగుతుంది.

కట్టేటప్పుడు పొరపాటున కొంత లోపలికి జరిగితే ఆ ఉల్లంఘనను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే అధికారం అనుమతి ఇచ్చిన సంస్థకే ఉంది. దాని హద్దు 10 శాతం. మీటరు ఖాళీలో 10 శాతమంటే 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. మేస్త్రీ పిల్లరును అరడుగు జరిపితే ఆ హద్దు దాటినట్టే. ముందువైపు ఖాళీకి ఈ వెసులుబాటు వర్తించదు. అసలు ప్లానే లేకుండా కట్టిన ఇంటికి అంతకన్నా వర్తించదు.

రుసుము కూడా తక్కువేమీ కాదు. అతిక్రమించిన అంతస్తు వైశాల్యానికి రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన భూమి విలువలో నూరు శాతం చెల్లించాలి. ఉదాహరణకు 12 మీటర్ల పొడవు గోడ 10 సెంటీమీటర్లు జరిగిందనుకుందాం. ఒక అంతస్తుకు 1.2, రెండంతస్తులకు 2.4 చదరపు మీటర్లు. గజాల్లో సుమారు 2.87. గజం విలువ రూ.10 వేలైతే రూ.28,700 చేతి చమురు వదిలినట్టే.

అన్నదమ్ముల పంపకాల్లో కోసుకున్న సన్నటి స్థలాలది మరో చిక్కు. పొడవు వెడల్పుకు నాలుగింతలు ఉంటే పక్కల ఖాళీని కొంత తగ్గించి, ఆ మేరకు ముందు, వెనుక పెంచుకోవచ్చు. మొత్తం ఖాళీ తగ్గకూడదు. పక్కల మాత్రం కనీసం మీటరు ఉండాల్సిందే. అంటే ఎలాగూ మీటరే వదలాల్సిన చిన్న స్థలాలకు దీంతో ఒరిగేదేమీ లేదు. కాస్త పెద్ద స్థలమున్నవారికే ఇది అక్కరకొస్తుంది. నిబంధన రాసినవారు ఈ సంగతి ఆలోచించారో లేదో!

రోడ్డు విస్తరణకు పరిహారం కోరకుండా భూమి వదులుకున్నవారి పరిస్థితి కొంత మెరుగు. వారికి సెట్‌బ్యాక్‌లలో, ముందువైపు సహా, సడలింపు గానీ, బదలాయించుకోదగిన అభివృద్ధి హక్కు గానీ లభిస్తుంది. భూమిని పురపాలక సంఘానికి అప్పగించిన పత్రం లేకుండా నోటిమాటతో ఈ ప్రయోజనం రాదు.

నాలా వేరు, జోన్ వేరు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చినట్టు రెవెన్యూ శాఖ ఇచ్చే నాలా పత్రం చేతికందగానే ఇల్లు కట్టుకోవచ్చని భావిస్తారు. మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందన్నది పూర్తిగా వేరే సంగతి. జోన్ మార్పు తహసీల్దారు చేతిలోనూ లేదు, మున్సిపల్ కమిషనరు చేతిలోనూ లేదు. పురపాలక శాఖ ద్వారా ప్రభుత్వమే మార్చాలి. ముసాయిదా ప్రకటించి, ఇరుగుపొరుగు అభ్యంతరాలు స్వీకరించాకే నిర్ణయం. స్థలం కొనక ముందే జోన్ ధ్రువపత్రం అడిగితే ఈ తిప్పలు ఉండవు.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం అనుమతిని సులభం చేసింది. 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు పైన వేసుకునే ఇంటికి రూపాయి రుసుముతో నమోదు చాలని, 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి అని చెప్పింది. అదే చట్టం తప్పుడు వివరాలిచ్చి కట్టిన ఇంటిని ముందస్తు నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్నీ ఇచ్చింది. రెండో సంగతి చెప్పే దళారి అరుదు.

‘ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలే’ అనే ధీమా కూడా ఉంది. 2007 డిసెంబరు 31న ఒకటి, తెలంగాణలో 2015 నవంబరు 2న మరొకటి వచ్చిన మాట నిజం. మొదటిది 2007 డిసెంబరు 15 లోపు, రెండోది 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే వర్తించింది. రెండోదానిపై వ్యాజ్యం హైకోర్టుకెక్కడంతో డబ్బు కట్టినవారు సైతం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అక్రమ కట్టడం ఎంతకాలం నిలిచినా, ఎంత ఖర్చుపెట్టినా సక్రమం కాబోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న తేల్చిచెప్పింది. నివాసయోగ్య పత్రం చూశాకే బ్యాంకులు ఇంటిపై రుణమివ్వాలనీ ఆదేశించింది.

నోటీసు అందినవారు మొదట చేయవలసింది గడువులోగా రాతపూర్వకంగా బదులివ్వడం. లైసెన్సు ఉన్న ఇంజినీరుతో నాలుగు వైపులా కొలిపించి, ఆ కొలతల నకలు జతచేయాలి. రసీదు తీసుకోవడం మరవరాదు.